కోపిష్ఠికేనా గుండెజబ్బు?

పల్లెలో ఎవరికైన గుండెపోటు వచ్చినదని తెలిసినప్పుడు రచ్చబండ వద్ద మొదట వినవచ్చు మాట అతడు కాల్చిన చుట్టలను గూర్చి కాదు, తినిన తిండిని గూర్చి కాదు. అతని స్వభావమును గూర్చియే. “ఆయన ముక్కుమీద కోపము గలవాడు, ఎన్నటికైన ఇట్లగునని అనుకొంటిమి” అని ఒకరందురు. పోటు వచ్చినవాడు నెమ్మదస్థుడైనచో, “అంతటి ధర్మరాజుకు గుండెజబ్బేమిటి?” అని ఆశ్చర్యపడుదురు. మన వాడుకభాషలోనే ఈ నమ్మకము పాతుకొనిపోయినది. “నాకు బి.పి. తెప్పించకుము” అని ఎవరైన అన్నచో, “నాకు కోపము తెప్పించకుము” అని దానికి అర్థము. రక్తపుపోటు అను వ్యాధి పేరు కోపమునకు మారుపేరైనది. కోపము లేనివానికి బి.పి. ఉండదనియు, బి.పి. లేనివానికి గుండెజబ్బు రాదనియు తీర్మానించుకొనుట ఇక ఎంతో దూరము కాదు.

ఈ తీర్మానము వలన ప్రాణములు పోవుచున్నవి. కావున దీని పూర్వాపరములను పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట అవసరము. గుండెజబ్బు పట్టణవాసులదనియు, కూర్చుండి తినువారిదనియు అనుకొను కాలము గడచిపోయినది. 2003-04లో ఆంధ్రప్రదేశ్‌లోని గోదావరి ప్రాంతమున 45 గ్రామములలో, సుమారు 1 లక్షా 80 వేల జనాభా నడుమ, ఒక సంవత్సరమున సంభవించిన మరణములకు కారణములను ఇంటింటికి పోయి విచారించిరి. మొత్తము 1,354 మరణములలో నూటికి 32 గుండె, రక్తనాళముల జబ్బుల వలన కలిగినవి. అంటువ్యాధుల వలన కలిగినవి నూటికి 13 మాత్రమే. వరిచేలు, చెరకుతోటలు, చేపల చెరువులు గల పల్లెల లెక్క ఇది.

స్వభావమును బట్టి గుండెజబ్బు వచ్చునను అభిప్రాయము మనదేశమున మాత్రమే ఉన్నది కాదు. పూర్వకాలపు వైద్యులనేకులు ఈ మాట చెప్పిరి. అయితే దానికి ఆధునిక శాస్త్రపు ముద్ర పడినది అమెరికా దేశములో, 1950 దశాబ్దమున.

కుర్చీ అంచులు

సాన్‌ఫ్రాన్సిస్కో నగరములో మేయర్ ఫ్రీడ్‌మన్, రే రోజెన్‌మన్ అను ఇద్దరు హృద్రోగ వైద్యులుండిరి. తమ వైద్యశాలలోని కుర్చీలకు గుడ్డ మార్చుటకు వచ్చిన పనివాడు ఒక వింతను కనిపెట్టెనని వారు తరువాతి కాలమున చెప్పిరి. కుర్చీలన్నియు ముందు అంచున మాత్రమే అరిగియున్నవట. రోగులు వెనుకకు ఆనుకొని స్థిమితముగ కూర్చుండక, ఏ క్షణమున పిలుపు వచ్చునో యని అంచుమీద కూర్చుండుటయే దీనికి కారణము. ఆ నాడు ఆ పనివాని మాటను వైద్యులు లెక్కచేయలేదు. కొన్నేండ్లకు గాని అది వారికి జ్ఞప్తికి రాలేదు.

తరువాత వారు కొందరు గణకులను పరీక్షించిరి. అమెరికాలో ఆదాయపు పన్ను లెక్కలు ఏప్రిల్ 15వ తేదీ లోపల దాఖలు చేయవలెను. గడువు సమీపించిన కొలది గణకులు రాత్రింబవళ్లు పనిచేయుదురు. ఆ దినములలో, వారి ఆహారములో మార్పు లేకున్నను, రక్తములో కొలెస్ట్రాలు పెరుగుటయు, రక్తము మామూలుకంటె త్వరగా గడ్డకట్టుటయు కనబడినది. గడువు దాటిన పిమ్మట రెండును తగ్గినవి. ఈ ఫలితము 1958లో ప్రకటింపబడినది. మార్చి నెలాఖరున పన్నుల వసూలు, ఖర్చుల లెక్క రెండును ఒక్కసారి నెత్తిన పడు మన పంచాయతీ కార్యదర్శులకు ఇది క్రొత్త సంగతి కాబోదు.

1959లో వారిరువురును మనుష్యులను స్వభావమును బట్టి తరహాలుగ విభజించి ఒక వ్యాసము ప్రకటించిరి. ఎప్పుడును తొందరపడువాడు, ఒకేసారి రెండు పనులు చేయబూనువాడు, ఎదుటివాని మాట పూర్తికాకముందే అందుకొనువాడు, ప్రతిదానిలో పోటీకి దిగువాడు, చిన్న ఆలస్యమునకే చిరచిరలాడువాడు ‘ఎ’ తరహా వాడు. ఇందుకు భిన్నముగ నిదానించి పనిచేయువాడు ‘బి’ తరహా వాడు. ఈ రెండు తరహాలవారిని 83 మంది చొప్పున పరీక్షింపగా, ‘ఎ’ తరహా వారిలో గుండెజబ్బు ఏడు రెట్లు ఎక్కువగ నున్నట్లు వారు వ్రాసిరి.

అంతట 1960-61లో మరియొక పెద్ద పరిశీలన ప్రారంభమైనది. కాలిఫోర్నియా రాష్ట్రములోని కంపెనీలలో పనిచేయు 39 మొదలు 59 సంవత్సరముల వయస్సు గల పురుషులు 3,154 మందిని, అప్పటికి గుండెజబ్బు లేనివారిని, ఎన్నుకొని ఎనిమిదిన్నర సంవత్సరములు గమనించిరి. వారిలో 257 మందికి గుండెజబ్బు వచ్చినది. పొగత్రాగుట, రక్తపుపోటు మొదలగు కారణముల లెక్క తీసివేసిన పిమ్మట కూడ ‘ఎ’ తరహా వారికి ‘బి’ తరహా వారికంటె ఇంచుమించు రెండు రెట్లు ఎక్కువగ వచ్చినట్లు తేలినది. 1981లో అమెరికా ప్రభుత్వ హృద్రోగ సంస్థ నియమించిన నిపుణుల సంఘము కూడ ‘ఎ’ తరహా స్వభావమును గుండెజబ్బునకు దారితీయు కారణములలో ఒకటిగ అంగీకరించినది. పత్రికలు ఈ మాటను దేశదేశములకు చాటినవి. ఆ పరిశీలనలో ఒక్క స్త్రీయైనను లేదనియు, ఒక్క వ్యవసాయ కూలీయైనను లేడనియు జ్ఞప్తియందుంచుకొనినవారు తక్కువ.

తిరిగి తూచినప్పుడు

శాస్త్రమున ఒకరు చెప్పినదానిని మరియొకరు తిరిగి తూచి చూచుట ఆచారము. 1985లో వేరొక పెద్ద పరిశీలన ఫలితములు వెలువడినవి. గుండెజబ్బు వచ్చు అవకాశము ఎక్కువగ నున్న మూడు వేల పైచిలుకు పురుషుల స్వభావమును ప్రశ్నించి తెలిసికొని, సుమారు ఏడేండ్లు గమనించిరి. ‘ఎ’ తరహాకు గుండెపోటుకు సంబంధమేమియు కనబడలేదు.

1988లో ఇంకను విచిత్రమైన సంగతి బయటపడినది. మొదట చెప్పిన కాలిఫోర్నియా పరిశీలనలో జబ్బుపడిన 257 మందిలో, మొదటి దెబ్బనుండి బ్రతికి బయటపడినవారు 231 మంది. తరువాత వారి గతి ఏమైనదని చూడగా, ‘ఎ’ తరహా వారికంటె నిదానస్థులైన ‘బి’ తరహా వారే ఎక్కువగ గుండెజబ్బుతో మరణించిరి. తొందర గలవాడు డాక్టరు మాట విని మందులు, పథ్యము పట్టుదలతో సాగించుటయు, నిదానస్థుడు “చూతములే” యని ఊరకుండుటయు ఇందుకు కారణము కావచ్చునని కొందరు ఊహించిరి. అది ఊహయే. అయినను “చూతములే” యను మాట మన ఊళ్లలో ఎంతమందిని ఆసుపత్రికి పోకుండ ఆపినదో ఎవరికి వారు లెక్కవేసికొనవచ్చును.

ఆ పిమ్మట 1996లో బెల్జియం దేశపు పరిశోధకుడు యోహాన్ డెనోలెట్, అతని సహచరులు ‘డి’ తరహా అను మరియొకదానిని ముందుకు తెచ్చిరి. దిగులుపడుచు, ఆ దిగులు పైకి చెప్పక మనసులోనే దాచుకొనువారు వీరు. మొదటి పరిశీలనలలో ఈ తరహా రోగులు మిక్కిలి ఎక్కువగ మరణించినట్లు కనబడినది. తరువాత చేసిన పెద్ద పరిశీలనలలో ఆ తేడా చాలవరకు కరగిపోయినది. ఒకే కథ రెండవసారి నడచినదన్నమాట.

పొగాకు వ్యాపారుల ప్రవేశము

ఈ సిద్ధాంతము అంత గట్టిగ నిలబడకున్నను అన్నేండ్లు ప్రచారములో నుండుటకు గల కారణములలో ఒకటి పొగాకు మార్కెట్లు గల మన రాష్ట్రమువారు ప్రత్యేకముగ గమనింపవలసినది.

అమెరికాలోని పొగాకు కంపెనీలపై నడచిన వ్యాజ్యముల ఫలితముగ వాటి లోపలి ఉత్తరములు, లెక్కలు లక్షల పుటలుగ బయటికి వచ్చినవి. వాటిని పరిశీలించి ముగ్గురు పరిశోధకులు 2012లో ఒక వ్యాసము ప్రకటించిరి. ‘ఎ’ తరహా స్వభావముపై జరిగిన పరిశోధనలకు పెద్దయెత్తున ధనమిచ్చినవారిలో పొగాకు కంపెనీలు ముఖ్యమైనవని అందు తేలినది. తమకు అనుకూలమైన ఫలితములను ఏరి, పొగాకు వలన గుండెజబ్బు వచ్చునని చెప్పువారికి బదులు చెప్పుటకు ఆ కంపెనీలు వాడుకొనినవి. వారి వాదము చాల తేలిక: తొందరపాటు స్వభావము గలవానికి పుట్టుకతోనే గుండెజబ్బు రాసియున్నది, అట్టివాడే సిగరెట్టు కూడ త్రాగును, కనుక తప్పు స్వభావముది గాని సిగరెట్టుది కాదు.

ఇంగ్లండులో హాన్స్ ఐసెంక్ అను పేరుమోసిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1980, 1990 దశాబ్దములలో ఒక జర్మనీ పరిశోధకునితో కలిసి ఇంకను ముందుకు పోయెను. గుండెజబ్బునకు ఒక తరహా స్వభావము, క్యాన్సరునకు వేరొక తరహా స్వభావము కారణమనియు, పొగత్రాగుటకంటె స్వభావమే బలమైన కారణమనియు వారు వ్రాసిరి. వారి పనికి కూడ పొగాకు కంపెనీల ధనము అందినది. ఆయన 1997లో మరణించెను. ఆయన పనిచేసిన లండనులోని కింగ్స్ కాలేజీయే 2019లో విచారణ జరిపి, వారిరువురు కలిసి వ్రాసిన ఇరువదికి పైగా వ్యాసములు నమ్మదగినవి కావని తేల్చినది.

1950 దశాబ్దమున ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్‌లు తలపెట్టిన పని అంతయు కపటమని దీని అర్థము కాదు. గణకుల రక్తములో వారు చూచిన మార్పు నిజమైనదే. కాని ఒక చిన్న నిజమును పట్టుకొని పెద్ద నిజమును కప్పిపుచ్చుట వ్యాపారమునకు ఎంత సులభమో ఈ చరిత్ర వలన తెలియుచున్నది. మన పల్లెలలో ఆ పనికి వ్యాపారి కూడ అక్కరలేదు. “నా తత్త్వమే అంత, చుట్ట మానినంత మాత్రమున ఏమగును?” అని అడుగువాడు ప్రతి ఊరిలోను ఉన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదను సామెత అతనికి అండగ నిలుచును. స్వభావమును మార్చుకొనలేనివాడు బీడీని మాత్రము మానగలడు. ఈ తేడాయే కంపెనీలకు గిట్టనిది.

కోపమునకు గుండెకు సంబంధము లేనేలేదా?

ఉన్నది. అది ఎంతవరకో తెలిసికొనవలెను.

కోపము వచ్చినప్పుడు, మూత్రపిండములపై టోపీలవలె నుండు రెండు చిన్న గ్రంథులనుండి అడ్రినలిన్ అను ద్రవ్యము రక్తములో కలియును. నాడి వేగము హెచ్చును, రక్తపుపోటు హెచ్చును, రక్తము గడ్డకట్టు గుణము పెరుగును. అడవిలో పులి ఎదురైన మనిషికి ఇది మేలు చేసినది. పారిపోవుటకు, పోరాడుటకు బలమిచ్చినది, గాయపడినచో రక్తము త్వరగా ఆగినది. పొలము గట్టు తగవులో పులి లేదు, పరుగు లేదు. హెచ్చిన పోటు అట్లే నాళములపై పనిచేయును. గుండెకు రక్తమును కొనిపోవు నాళములలో ఏండ్ల తరబడి కొవ్వు పేరుకొనియున్నచో, ఆ కొవ్వుపొర ఇట్టి సమయమున చిట్లవచ్చును. చిట్లినచోట రక్తము గడ్డకట్టి దారి మూసివేయును. ఆవల నున్న గుండె కండరము రక్తము అందక చచ్చిపోవును. గుండెపోటు అనగా ఇదియే.

కోపము నిప్పురవ్వ వంటిది. పచ్చగడ్డిపై పడిన రవ్వ ఆరిపోవును. ఎండిన వామిపై పడినచో వామి మిగులదు. వామిని ఎండబెట్టునవి వేరు: పొగాకు, అధిక రక్తపుపోటు, చక్కెరవ్యాధి, రక్తములోని చెడ్డ కొవ్వు.

52 దేశములలో 12 వేలకు పైగా గుండెపోటు రోగులను విచారించి 2016లో ప్రకటించిన పరిశీలనలో, తీవ్రమైన కోపము లేక మనఃక్షోభ కలిగిన గంటలోపల గుండెపోటు వచ్చు అవకాశము ఇంచుమించు రెండింతలగునని తేలినది. అట్టి కోపములో ఉండియే బరువైన శ్రమ చేసినవారికి ఇది మూడింతలు. గట్టుమీద తగవులాడి, ఆ ఉద్రేకముతోనే గడ్డపార పట్టి త్రవ్వ మొదలిడు యాబదియేండ్ల రైతును ఒక గంటసేపు నీడన కూర్చుండబెట్టుట పెద్దమనుషులు చేయదగిన పని. పంచాయతీలో తగవు ముదిరినప్పుడు సభను కొంతసేపు వాయిదా వేయుట కూడ ఇట్టిదే.

దీనికంటె నెమ్మదిగ పనిచేయునది పగ. రోజెన్‌మన్ చెప్పిన తొందర, పోటీ, గడియారము వంక చూచుట, ఇవి గుండెకు చేయు హాని నిరూపణ కాలేదు గాని, ఎదుటివారిని నమ్మకపోవుట, ఏండ్ల తరబడి వైరము మోయుట, మాటమాటకు రగులుట అను గుణములకు కొంత సంబంధము మిగిలినది. లోకములోని అనేక పరిశీలనలను కలిపి లెక్కించి 2009లో ఇద్దరు పరిశోధకులు ప్రకటించిన దానిని బట్టి, ఆరోగ్యవంతులలో కోపము, వైరభావము ఎక్కువగ నున్నవారికి గుండెజబ్బు వచ్చు అవకాశము నూటికి 19 వంతులు హెచ్చు. ఈ అంకెను మరియొక అంకె ప్రక్కన నిలిపి చూడవలెను. 2006లో ప్రకటించిన 52 దేశముల పరిశీలన ప్రకారము బీడీ త్రాగువారికి గుండెపోటు వచ్చు అవకాశము పొగాకు ముట్టనివారికంటె ఇంచుమించు మూడు రెట్లు. సిగరెట్టు త్రాగువారికిని అంతే. పొగాకు నమలువారికి రెండు రెట్లకు పైగా. కోపము వలని హెచ్చు నూటికి 19. బీడీ వలని హెచ్చు నూటికి దాదాపు 200. బీడీ చిన్నది, సిగరెట్టుకంటె మేలు అను మాటలో సారము లేదు.

ఈ 52 దేశముల పరిశీలనకు నాయకత్వము వహించినవాడు కేరళలో పుట్టిన డాక్టర్ సలీం యూసఫ్. 2004లో వెలువడిన మొదటి ఫలితములలో, గుండెపోటునకు పురుషులలో నూటికి 90 వంతులు, స్త్రీలలో నూటికి 94 వంతులు తొమ్మిది కారణములే లెక్కకు వచ్చినవి. వాటిలో పొగాకు, రక్తములోని కొవ్వు మొదటివి. మానసికమైన ఒత్తిడి కూడ ఆ తొమ్మిదింటిలో ఒకటిగ నున్నది. దానిని త్రోసివేయ నక్కరలేదు. అయితే అది స్వభావము కాదు, ఇంటిలో, పనిలో, ధన విషయములో మనిషిపై పడు భారము. 2007 నాటి మరియొక ఫలితమును బట్టి, మన దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏండ్లకే వచ్చుచున్నది. ఇతర దేశములవారికి 59 ఏండ్లకు సమీపమున.

పెద్ద ఉద్యోగికా, చిన్న ఉద్యోగికా?

బాధ్యతలు మోయు పెద్దలకే గుండెజబ్బు వచ్చునను మాట కూడ నిలబడలేదు. లండనులోని ప్రభుత్వోద్యోగులు 17 వేల మందికి పైగా పురుషులను 1967 నుండి గమనింపగా, పై అధికారులకంటె అట్టడుగున నున్న బంట్రోతులు, దూతలు మొదలగువారు గుండెజబ్బుతో మూడు రెట్లకు పైగా మరణించిరి. చిన్న ఉద్యోగులు పొగ ఎక్కువ త్రాగుట ఇందుకు కొంత కారణము. కాని అది తీసివేసినను తేడా చాలవరకు నిలిచియే యున్నది. తన పనిపై తనకు అదుపు లేకుండుట, పైవాని చిత్తమునకు లోబడి బ్రతుకుట గుండెపై పనిచేయునని సర్ మైకేల్ మార్మట్, ఆయన సహచరులు తరువాతి పరిశోధనలలో చూపిరి. ఇతరుల పొలము కౌలుకు చేసి, వాన ఎప్పుడు పడునో, ధర ఎంత పలుకునో, అప్పువాడు ఎప్పుడు వాకిట నిలుచునో తెలియని మనిషిని “నీవు కొంచెము శాంతముగ నుండుము” అనుట వలన ఫలమెంతయో చెప్పనక్కరలేదు. అతనికి కావలసినది శాంతోపదేశము కాదు.

దిగులు విషయమున కొంత జాగ్రత్త అవసరము. కెనడాలోని మాంట్రియల్ నగరమున గుండెపోటునుండి కోలుకొనుచున్న 222 మందిని గమనించి 1993లో ప్రకటించిన ఫలితములలో, తీవ్రమైన దిగులులో పడినవారు ఆరు నెలలలోపల మరణించు అవకాశము నాలుగు రెట్లకు పైగా నుండినది. దిగులునకు చికిత్స చేసినంత మాత్రమున మరణములు తగ్గలేదని 2003లో అమెరికా పరిశీలన ఒకటి తేల్చినది. మనసు తేలికపడినది గాని ఆయువు పెరిగినట్లు కనబడలేదు. అయినను ఆసుపత్రినుండి ఇంటికి వచ్చినవాడు మంచము దిగక, మాత్రలు మ్రింగక, గోడవైపు తిరిగి పడుకొనుచున్నచో అది ఇంటివారు “తత్త్వము మారినది” అని వదలిపెట్టు విషయము కాదు. ఆశా కార్యకర్తకు, డాక్టరుకు చెప్పవలసిన విషయము. కోపమును అదుపులో పెట్టుటకు నేర్పిన శిక్షణ వలన మాత్రము కొంత మేలు కనబడినది. ఫ్రీడ్‌మన్ తానే, ఒకమారు గుండెపోటు వచ్చినవారికి అట్టి శిక్షణ నిప్పించి 1986లో ఫలితములు ప్రకటించెను. నాలుగున్నర ఏండ్లలో వారిలో నూటికి 12.9 మందికి, కేవలము వైద్యసలహా పొందినవారిలో నూటికి 21.2 మందికి మరల పోటు వచ్చినది.

నెమ్మదస్థుని సంగతి

ఇంతకు ముఖ్యముగ చెప్పవలసినది నెమ్మదస్థుని గూర్చియే. అధిక రక్తపుపోటునకు ముఖము ఎఱ్ఱబడుట గాని, గొంతు హెచ్చుట గాని గుర్తు కాదు. చాలమందిలో దానికి ఏ గుర్తును లేదు. ఎన్నడును ఒకరిపై మాట తూలని మనిషికి 180 పోటు ఉండవచ్చును. నిత్యము అరచువానికి 120 ఉండవచ్చును. చేతికి పట్టీ కట్టి కొలిచిన గాని తెలియదు. విశ్రాంతిగ నున్నప్పుడు వేరువేరు దినములలో కొలిచినను పై అంకె 140, క్రింది అంకె 90, వీటిలో ఏదైన దాటుచున్నచో అది వ్యాధియే.

ముప్పది ఏండ్లు దాటిన ప్రతివారికిని రక్తపుపోటు, చక్కెర పరీక్షలు ఉపకేంద్రములలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఉచితముగ చేయుచున్నారు. ఊరిలో పరీక్ష జరుగు దినమున వచ్చువారిని గమనించినచో, ఒంట్లో బాగులేనివారు, “నాకు బి.పి. ఉన్నదేమో, ఊరకనే కోపము వచ్చుచున్నది” అనువారు ముందు నిలుచుందురు. శాంతముగ పొలమునకు పోవువాడు రానేరాడు. పేర్ల పట్టిక దగ్గర పెట్టుకొని, రానివారి ఇంటికి కబురంపుట వార్డు సభ్యుడు సులభముగ చేయగల పని. పోటు ఉన్నదని తేలిన తరువాత మాత్రలు మానరాదు. తల తిరుగుట లేదు, కోపము తగ్గినది, ఇక మందెందుకు అని నిలిపివేయుట మన ఊళ్లలో సర్వసాధారణము. కోపము తగ్గినదని పోటు తగ్గినట్లు కాదు.

ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడము, ఎండుచేప గల విస్తరిలో ఆ చెంచాడు మొదటి ముద్దలలోనే పూర్తియగును. ఇది మన రుచికి కష్టమైన మాటయే. పొగాకు విషయము ఇంకను కష్టము. అయినను మానిన ఒక సంవత్సరమునకే గుండెజబ్బు వచ్చు అవకాశము, మాననివానితో పోల్చిన, సగమునకు దిగును. బహిరంగ స్థలములలో పొగత్రాగుట 2008 అక్టోబరు 2వ తేదీనుండి దేశమంతట నిషిద్ధము. పాఠశాలకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. పంచాయతీ కార్యాలయము కూడ బహిరంగ స్థలమేనని కొందరు సభ్యులకే గుర్తుచేయవలసియున్నది.

స్త్రీల విషయమున ఈ స్వభావపు నమ్మకము మరింత హాని చేయుచున్నది. “ఆమె ఓర్పు గలది” అని పేరు పడిన ఇల్లాలికి ఆయాసము, ఒళ్లంతయు నీరసము, వికారము, దవడలో గాని వీపులో గాని నొప్పి వచ్చినప్పుడు అది గుండెదని ఎవరికిని తోచదు. స్త్రీలలోను, చక్కెరవ్యాధి గలవారిలోను గుండెపోటు ఒక్కొక్కప్పుడు ఛాతీ నొప్పి లేకుండగనే వచ్చును. ఛాతీ మధ్య బరువు, నొక్కినట్లుండుట, ఎడమచేతికి ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఇవి పదిమందికి తెలిసిన గుర్తులు. వీటికి సోడా త్రాగించి, గ్యాసు అని చెప్పి, తెల్లవారనిత్తమని ఆగుట వలన ఎంత గుండె కండరము చచ్చిపోవునో గంటల లెక్కన చెప్పవచ్చును. గడ్డను కరగించు మందు మొదటి గంటలలో ఇచ్చినప్పుడే ఎక్కువ పనిచేయును. కోపిష్ఠియైనను, ధర్మరాజైనను, ఈ గుర్తులు కనబడగనే 108కి చెప్పవలెను. రోగిని నడిపింపరాదు, మోటారు సైకిలుపై ఎక్కింపరాదు.

ఆ వాహనము ఊరిలోని ప్రతి వాడకు రాగలదా, రాత్రివేళ దారికడ్డముగ బండ్లు, గడ్డివాములు, ఇసుక కుప్పలు లేవా, ఎస్సీ కాలనీ మలుపులో దీపము వెలుగుచున్నదా అనునది పంచాయతీవారు ఒక సాయంకాలము తిరిగి చూచి తేల్చుకొనగల సంగతి.